పట్టా చదువునకు ప్రక్కనే మఱియొక భాష

విశ్వవిద్యాలయములలో పట్టమునకై చదువుచు, ఆ చదువు కోరకపోయినను, తమంతట తామే మఱియొక భాషను నేర్చుకొనవలెనని సాయంకాలపు తరగతులలో చేరు విద్యార్థులు ప్రతి సంవత్సరమును కనబడుచునే యుందురు. హైదరాబాదున తార్నాక ప్రాంతమందున్న ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున గాని, నగరమందలి ఫ్రెంచి, జర్మన్ భాషాకేంద్రములలో గాని క్రొత్త తరగతి ఆరంభమైన మొదటి వారమున బల్లలు చాలవు. దసరా సెలవులనాటికి వెనుక వరుసలు పలుచనగును. సంక్రాంతికి ఊళ్లకు పోయినవారిలో కొందఱు మరల ఆ గది గడప త్రొక్కరు. నిలిచినవారు మేధావులనియు, విడిచినవారు మందమతులనియు తలచుట న్యాయము కాదు. ఈ తరగతులను చిరకాలముగా దగ్గఱనుండి గమనించినమీదట నాలో స్థిరపడిన అభిప్రాయ మేమనగా, ఇష్టపడి చేపట్టిన భాష తన కాఠిన్యముచేత విడువబడుట అరుదు. దానినిగూర్చి అడుగువా రెవ్వరును లేకపోవుటచేతనే అది విడువబడుచున్నది. ప్రధానవిషయములకు హాజరుపట్టీ కలదు, ఇంటర్నల్ మార్కులు కలవు, ప్రయోగశాల రికార్డుపై సంతకము చేయవలసిన ఉపన్యాసకుడు కలడు, సెలవులలో ఇంటికి పోయినప్పుడు ఫలితముల నడుగు తండ్రి కలడు. భాషాతరగతి కివి యేవియు లేవు. చేరినదినమున దానిని నిలుపునది ఉత్సాహము. మఱునాటినుండి దానిని నిలుపవలసినది మన దినచర్యలో దానికి మనము కల్పించు స్థానము మాత్రమే. ఆ స్థానమును కల్పించుటయెట్లు, కల్పించిన పిమ్మట కాపాడుకొనుటయెట్లు అనునదియే ఈ అధ్యాయమున విచారింపదలచిన విషయము.

అన్నిటికంటె ముందుగా, ఏ భాష, ఎందుకొఱకు అను ప్రశ్నకు సమాధానము దొరకవలయును. తోటివారు చేరిరని చేరినవాడు తోటివారు మానినపుడు మానును. ఉద్యోగమునకు పంపు వివరపత్రమున ఒక పంక్తి పెరుగునని చేరినవాడు ఆ పంక్తికి చాలినంత నేర్చి ఊరకుండును. ఎవరితో మాటలాడుటకు, ఏ పత్రమును చదువుటకు, ఏ ఊరిలో బ్రదుకుటకు ఈ భాష కావలెనో స్పష్టముగా చెప్పగలిగినవాడు మాత్రము వర్షము కురియుచున్న సాయంకాలమున సయితము తరగతికి వచ్చును.

ఇందుకు నాకు తోచిన ఉత్తమోదాహరణము గిడుగు రామమూర్తిగారు. వ్యావహారికభాషోద్యమ నాయకుడుగా ఆయనను మన మెల్లర మెఱుగుదుము గాని, పర్లాకిమిడిలో ఉపాధ్యాయవృత్తి నవలంబించి, ఇంటివద్దనే చదువుకొనుచు బి.ఏ. పట్టము సంపాదించిన ఆ తొలినాళ్లలోనే, ఎవ్వరును విధింపని, ఏ పరీక్షయు కోరని సవరభాషను ఆయన నేర్వబూనెనను సంగతి విద్యార్థులు తఱచుగా తలచుకొనరు. ఆ భాషకు లిపి లేదు, వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు, పాఠశాల లేదు. తెలుగు తెలిసిన సవరను ఇంట నుంచుకొని, ఆతని నోట వినిన మాటలను వ్రాసికొనుచు, వ్రాసినదానిని మరల మరల సరిచూచుకొనుచు ఆయన ఆ భాషను వశపఱుచుకొనెను. 1931లో ముద్రితమైన ఆయన సవరభాషా వ్యాకరణము ఆ దీర్ఘకృషికి ఫలము. ప్రక్కకొండలపై నివసించుచు తన ఊరి సంతకు వచ్చిపోవు జనులతో మాటలాడవలెనను కోరికయే దానికి మూలము. మనవారిలో అనేకులు భాషను ఎన్నుకొనునపుడు సముద్రముల కావలికి చూతురు; ప్రక్కవీథిలో వినబడు భాషను చూడరు.

ఈ మాటను ఇంకను వివరింపవలసియున్నది. తెలంగాణమున న్యాయశాస్త్రము చదువు ఒక విద్యార్థిని తలచుకొందము. ఆతడు రేపు న్యాయవాదియై భూవివాదములను చేపట్టకతప్పదు. నిజాముల రాజ్యమున పాలనాభాషగా మొదట పారసీకమును, పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమునుండి ఉర్దువును ఉండెను. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముననే ఉన్నతవిద్యను బోధించెను. అందుచేత ఆ కాలపు భూమిపత్రములగు సేత్వారులు, పహాణీలు, దస్తావేజులు చాలవఱకు ఉర్దూలిపిలో నున్నవి. కక్షిదారుని పెద్దలు ఇనుపపెట్టెలో దాచియుంచిన కాగితమును న్యాయవాది తాను చదువలేడు; అనువాదకుని కొఱకు వెదకును, ఆతడు చెప్పినదే వేదమని నమ్మును, ఒక్క పేరు పొరపాటుగా చదువబడినచో తరములనాటి హక్కే తారుమారు కావచ్చును. ఇట్టి న్యాయవిద్యార్థి కళాశాలలో నున్న అయిదేండ్లలో రెండేండ్లు వారమునకు మూడు సాయంకాలములు ఉర్దూతరగతికి పోయినచో, కుడినుండి యెడమకు సాగు ఆ వ్రాతయు, పదమున ఆదిమధ్యాంతములయందు రూపము మార్చుకొను ఆ అక్షరములును వానికి అలవడును. హైదరాబాదు వీథులలో దక్కనీ మాటలు వినుచు పెరిగినవా డైనచో సగము పదజాలము వానియొద్ద ముందే యుండును. కొఱవడినది లిపియు, కచేరీ పరిభాషయు మాత్రమే. ఫ్రెంచి నేర్చిన న్యాయవాదు లెందఱో యుండవచ్చును. పాత సేత్వారును తానే విప్పి చదువగల యువన్యాయవాది ఆ పట్టణమున ఎంత అరుదో, ఎంత ఆవశ్యకుడో ఊహింపుడు.

ఇట్లే ఆదిలాబాదున వైద్యవిద్య నభ్యసించు బాలిక గోండీభాషను నేర్చుకొన్నచో కలుగు ప్రయోజనమును గూర్చి ఆలోచింపుడు. గోండీ మన తెలుగువలెనే ద్రావిడభాషాకుటుంబమునకు చెందినది. జిల్లా ఆస్పత్రికి వచ్చు రోగులలో పలువురి యింటిభాష అదియే. కొండప్రాంతపు గూడెమునుండి వచ్చిన వృద్ధురాలు తన నొప్పి యెక్కడనున్నదో, ఎప్పుడు మొదలైనదో, అది మంటయో పోటో తన మాటలలో చెప్పుకొనగలుగుటకును, మనుమడు తెలిసీ తెలియని తెలుగులో దానిని అనువదించుటకును గల అంతరమును వైద్యుడైనవాడు వెంటనే గ్రహించును. ఆ భాషకు సాయంకాలపు తరగతి యుండకపోవచ్చును. అయినను గుంజాల గ్రామమున లభించిన వ్రాతప్రతులవలన గోండీకి సొంతలిపి యున్నదని లోకమునకు తెలిసినది. ఆ లిపికి 2018లో యూనికోడునందు స్థానము లభించినది. తరగతి లేనిచోట ఒక గోండు సహాధ్యాయి గురువు కాగలడు. అట్టి గురువునకు సంకోచింపక వేతన మీయవలయునని నా యభిప్రాయము. స్నేహముమీద నడచు పాఠము మొదటి పరీక్షలతోనే ఆగిపోవును.

ఇక విదేశములకు పోదలచినవారి విషయము అందఱకును తెలిసినదే గనుక దానిని క్లుప్తముగా ముగింతును. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయములు అధికభాగము బోధనరుసుము తీసికొనకపోవుటచేత మన ఇంజనీరింగు పట్టభద్రులు అనేకులు అచ్చటికి పోవుచున్నారు. పాఠములు ఆంగ్లముననే సాగును గదా, జర్మన్ ఏల యని వారనుకొందురు. పాఠము ఆంగ్లముననే సాగవచ్చును; కాని ఇంటి యజమానితో కుదుర్చుకొను అద్దెపత్రము, పురపాలకకార్యాలయమునుండి వచ్చు ఉత్తరము, చదువు ముగిసిన పిమ్మట చిన్నపట్టణపు కర్మాగారమున దొరకు ఉద్యోగము, ఇవియన్నియు జర్మన్ భాషనే కోరును. వైద్యులకును, నర్సులకును అది ఐచ్ఛికమే కాదు. నిర్ణీతస్థాయి పరీక్షలో ఉత్తీర్ణులు కానిదే వారికి వృత్తి ననుసరించు అనుమతి లభింపదు. అక్కడకు పోయినపిమ్మట నేర్చుకొందుమని వాయిదా వేసినవారికి అక్కడి చలికాలమును, పరీక్షలును, పార్ట్‌టైం ఉద్యోగమును కలిసి అందులకు సమయ మీయవు.

ఏ భాషయో నిశ్చయించుకొన్న తరువాత, ఒక్కదానినే చేపట్టవలయును. రెండు భాషలు ఒక్కమాఱు ఆరంభించినవారు రెండింటను పలకరింపు మాటల వద్దనే ఆగిపోవుట తఱచుగా కనబడును.

తరువాతిది కాలపరిమాణమును యథార్థముగా లెక్కించుకొనుట. దీనిని ఎవ్వరును చేయరు. చేయకపోవుటచేతనే నిరాశకు లోనగుదురు. తమ దౌత్యోద్యోగులకు భాషలు నేర్పు అమెరికా విదేశాంగశాఖవారి శిక్షణాలయము, ఆంగ్లము మాతృభాషగా గలవారు వృత్తికి పనికివచ్చు ప్రావీణ్యము పొందుటకు ఫ్రెంచి, స్పానిష్ వంటి భాషలకు ఇంచుమించు 600 మొదలు 750 తరగతిగంటలును, రష్యన్, హిందీ, మన తెలుగు వంటివానికి 1,100 గంటలును, అరబ్బీ, చైనా, జపాను, కొరియా భాషలకు 2,200 గంటలును పట్టునని అంచనా వేసియున్నది. మన సాయంకాలపు తరగతి వారమునకు నాలుగు గంటల చొప్పున ముప్పది వారములు జరిగినచో 120 గంటలగును. ఆ ముప్పది వారములును ప్రతిదినము ఇంటివద్ద అరగంట చదివినచో మఱి 105 గంటలు చేరును. అనగా సంవత్సరమునకు 225, మూడు సంవత్సరముల పట్టాచదువులో 675. ఈ చిన్నలెక్క రెండు సంగతులను చెప్పుచున్నది. ఫ్రెంచి వంటి భాషలో డిగ్రీ ముగియునాటికి నిజమైన ప్రవేశము సాధ్యమే యనునది మొదటిది. తరగతికి పోవుటతోనే తృప్తినొంది ఇంటి అరగంటను మానినవానికి ఆ కాలములో దాదాపు సగము నష్టమగు ననునది రెండవది. ఆఱునెలలలో భాష వచ్చివేయునని ప్రకటించు సంస్థల మాటలను ఈ లెక్క ముందుంచుకొని తూచుకొనవలెను.

అయితే పై అంచనా ఆంగ్లమాతృభాషులకై వేసినదని మఱువరాదు. తెలుగువారి పుట్టుబలము వేఱు. జపానుభాషలో క్రియ మన క్రియవలెనే వాక్యాంతమున నిలుచును. మన విభక్తిప్రత్యయములవలె అక్కడను నామమునకు తరువాత చిన్న చిన్న శబ్దములు చేరును. పరులు పలికినదానిని చెప్పునపుడు మనము చివర ‘అని’ చేర్చినట్లే వారును ఒక అవ్యయమును చేర్తురు. ‘తిని చూడుము’ అని మనమనునట్టి కూర్పుతోనే, అదే అర్థమున, వారును పలుకుదురు. ఆంగ్లమాధ్యమమున చదివిన మన విద్యార్థులు జపానువాక్యమును ముందు ఆంగ్లములోనికి త్రిప్పుకొని, తలక్రిందులైన ఆ రూపమును చూచి బెదరిపోవుదురు. నేరుగా తెలుగునకు ప్రక్కన నిలిపి చూచినవానికి వాక్యనిర్మాణమున చాల భాగము సుపరిచితముగా తోచును. ఇక మిగిలినది లిపి. నలుబదియాఱేసి మూలాక్షరములు గల రెండు వర్ణమాలలును, వానిపై నిత్యవ్యవహారమున కని నిర్ణయింపబడిన 2,136 చిత్రాక్షరములును నిజముగనే దీర్ఘశ్రమను కోరును. అందు సులభమార్గము లేదు. జర్మనులో నామములకు మూడు లింగములు, నాలుగు విభక్తులు. బాల్యమున సంస్కృతశబ్దములను వల్లెవేసినవానికి అవి భయము గొలుపవు. కావున క్రొత్తభాషను నేర్చునపుడు మాతృభాషను గది వెలుపల విడిచి రావలెనను ఉపదేశమును నేనంగీకరింపను. తెలుగువ్యాకరణము కొంచెము తెలిసినవానికి ప్రతి క్రొత్తభాషయు కొంచెము సులభమగును. అది తెలియనిచో చిన్నయసూరిని గాని, సులభమైన పాఠశాలావ్యాకరణమును గాని ఒక సెలవుకాలమున తిరుగవేయుట వ్యర్థము కాదు.

ఇప్పుడు అరగంటమాట. ఆదివారమునాడు మూడున్నర గంటలు కూర్చుండి చదువుటయు, ప్రతిదినము అరగంట చదువుటయు లెక్కకు సమానమే యైనను ఫలమున సమానములు కావు. హెర్మన్ ఎబింగ్‌హౌస్ అను జర్మన్ పండితుడు అర్థరహితములైన అక్షరసముదాయములను తానే కంఠస్థము చేయుచు, ఎంతకాలమున కెంత మఱచునో కొలిచి, 1885లో ఆ ఫలితములను ప్రకటించెను. నేర్చినది మొదటి కొన్ని గంటలలోనే వేగముగా జాఱిపోవుననియు, తరువాత ఆ వేగము తగ్గుననియు ఆతడు కనుగొనెను. మఱపు కమ్ముకొనకమున్నే ఒకమాఱు జ్ఞప్తికి తెచ్చుకొన్న మాట ఎక్కువకాలము నిలుచును. రెండవమాఱు తెచ్చుకొన్నది ఇంకను దీర్ఘముగా నిలుచును. దీని నాధారముగా గొని సెబాస్టియన్ లైట్నర్ 1970ల తొలినాళ్లలో ఒక పెట్టెపద్ధతిని ప్రచారము చేసెను. చీటీకి ఒకవైపు పరభాషాపదమును, రెండవవైపు అర్థమును వ్రాసి, అయిదు అఱలు గల పెట్టెలో మొదటి అఱయందుంచవలెను. సరిగా చెప్పగలిగిన మాట తరువాతి అఱకు పోవును, తప్పినది తిరిగి మొదటి అఱకు వచ్చును. మొదటి అఱను ప్రతిదినము, రెండవదానిని రెండుమూడు దినముల కొకమాఱు, చివరిదానిని నెలకొకమాఱు చూడవలెను. నేడు అంకీ వంటి ఫోనుసాధనములు ఈ లెక్కను తామే చూచుకొనును గాని, తొలి నెలలలోనైనను చీటీని చేతితో వ్రాయుటయే మేలని నా అనుభవము. క్రొత్తలిపి నేర్చుచున్నవారు తప్పక అట్లే చేయవలయును. దినమునకు పది మాటలు చాలును.

ఆ అరగంట ఎప్పుడనునది కూడ నిశ్చయమై యుండవలెను. తీరికైనపుడు చదువుదు ననుకొన్నవానికి తీరిక దొరకదు. హాస్టలులో నుండువారు అల్పాహారమునకు పోవుటకు ముందు కాలమును, బస్సులోను మెట్రోలోను కళాశాలకు వచ్చువారు ప్రయాణకాలమును దీనికై కేటాయించుకొనవచ్చును. రాత్రి పడుకొనబోవు వేళను మాత్రము ఎన్నుకొనవద్దని గట్టిగా చెప్పుదును. ప్రధానవిషయముల భారమంతయు ఆ వేళకే వచ్చి పడును. రెండింటిలో ఒకటి వాయిదా పడవలసివచ్చినపుడు పడునది భాషయే.

సెమిస్టరుపరీక్షల మాసము అన్ని తరగతులకును గండము. పరీక్షలు ముగియువఱకు భాషను పూర్తిగా కట్టిపెట్టి, తరువాత తెఱచెదమని నిర్ణయించుకొన్నవారిలో అధికసంఖ్యాకులు మరల తెఱవరు. ఆ నెలలో అరగంటను పదినిమిషములకు కుదింపుడు; క్రొత్తమాటలు చేర్పకుడు; పాతచీటీలను మాత్రము త్రిప్పుడు; తరగతికి పోలేకపోయినచో ఆ సంగతిని ఉపాధ్యాయునకు ముందుగా తెలుపుడు. వేసవి పైరును కాపాడు రైతు దిగుబడి నాశింపక వేరు ఎండిపోకుండునంత తడి యిచ్చునట్లు, ఆ నెలలో మన ధర్మము భాషను బ్రదికించి యుంచుట మాత్రమే.

నోరు తెఱచి పలుకుటను గూర్చి చెప్పవలసినది ఎక్కువగా నున్నది. తన విషయమున ప్రథమశ్రేణిలో నిలిచిన విద్యార్థి భాషాతరగతిలో మూడేండ్ల పసివానివలె తడబడవలసివచ్చును. ఇంజనీరింగు గణితమున దిట్టయైన యువకుడు, ‘నాకు ఇద్దఱు చెల్లెండ్రు’ అను వాక్యమును తప్పు లేకుండ చెప్పలేక, తనకంటె చిన్నదియగు ప్రథమ సంవత్సరపు బాలిక అదేవాక్యమును సునాయాసముగా పలుకగా విని సిగ్గుపడును. ఆ సిగ్గు వానిని వెనుక వరుసకు తఱుమును. వెనుక వరుసలో పలుకు అవకాశము రాదు. పలుకనివానికి భాష రాదు. ఈ చక్రమును మొదటి వారముననే త్రెంచవలెను. ముందు వరుసలో కూర్చుండుడు. ప్రతి తరగతిలోను, అడిగినను అడుగకున్నను, ఒక్క వాక్యమైన బిగ్గఱగా చెప్పి రావలెనని నియమము పెట్టుకొనుడు. ఇంటివద్ద పాఠమును కన్నులతో చదువక స్వరముతో చదువుడు. మన పెద్దలు అమరమును, శబ్దమంజరిని గొంతెత్తి వల్లెవేయించినది కేవలము జ్ఞాపకశక్తికే కాదు. నాలుక ఆ ధ్వనులకు అలవాటుపడుటకును. తెలుగున లేని ఫ్రెంచి అనునాసికస్వరములు, జర్మనున పెదవులు గుండ్రముగా చేసి పలుకు అచ్చులు చదివినంతమాత్రమున పట్టుబడవు. అద్దము ముందు నిలిచి, రికార్డు చేసిన పలుకును వినుచు, తన పలుకును కూడ రికార్డు చేసికొని పోల్చిచూచుకొనుచు సాధింపవలసినవి. చైనాభాషయందలి నాలుగు స్వరభేదములు మఱింత ఓర్పును కోరును. తప్పు దిద్దబడినపుడు విద్యార్థి ముఖము చిన్నబుచ్చుకొనరాదు. పదిమందిలో తన తప్పును దిద్దించుకొనుటకు అలవాటుపడిన యువకుడు తరువాత ఏ వృత్తిలోనైనను క్రొత్తపని నేర్చుటకు జంకడు. భాష రాకపోయినను ఈ యలవాటు మిగులునని యెఱిగియే నేను విద్యార్థులను ఈ తరగతులకు ప్రోత్సహించుచున్నాను.

అడుగువారు లేరను లోపమును తీర్చుటకు ఒక మార్గము బాహ్యపరీక్ష. ఈ విషయమున తెలుగునాట ఒక మహత్తరమైన అనుభవము కలదు. గాంధీమహాత్ముని సంకల్పమున 1918లో మద్రాసునందు ఆరంభమై, మోటూరి సత్యనారాయణగారివంటి ఆంధ్రుల కృషిచే విస్తరించిన హిందీప్రచార సభవారి పరీక్షలను మన తాతల తరమునుండి నేటివఱకు లక్షలాది విద్యార్థులు తమ చదువులతోపాటు వ్రాయుచు వచ్చిరి. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ అని మెట్లు మెట్లుగా అమర్చిన ఆ క్రమము ప్రతి మెట్టును స్వల్పవ్యవధిలో అందుకొనదగినదిగా నుంచుటచేతనే, హిందీ వినబడని పల్లెలలో సయితము ప్రవీణలు తయారైరి. నేటి ఐరోపాభాషల పరీక్షలకు ఏ1 మొదలు సీ2 వఱకును, జపానుభాషా పరీక్షకు ఎన్5 మొదలు ఎన్1 వఱకును ఇట్టి మెట్లే కలవు. చేరిన నెలలోనే తొలిమెట్టు పరీక్షతేదీని తెలిసికొని, రుసుము చెల్లింపుడు. చెల్లించిన రుసుమును, నిశ్చయమైన తేదీయు హాజరుపట్టీ చేయు పనిని కొంతవఱకు చేయును. ఒక జాగ్రత్త మాత్రము అవసరము: జూలై, డిసెంబరు మాసములలో జరుగు ఆ జపానుపరీక్షలో సంభాషణకు మార్కులు లేవు. దానికే చదివినవాడు ఉన్నతస్థాయి పత్రమును చేతబట్టుకొనియు నోరు మెదపలేకపోవచ్చును.

చేరుటకు ముందు కార్యాలయమున అడుగవలసిన విషయములు కొన్ని యున్నవి. ఈ తరగతి మీ పట్టమునకు క్రెడిట్లుగా లెక్కింపబడునా, వేఱుగా సర్టిఫికెటు మాత్రమే యిత్తురా? విడిచినచో రుసుము తిరిగి వచ్చునా? మీ ప్రయోగశాల దినములతో వేళలు ఢీకొనునా? 2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము, వేళలు పరస్పరము అడ్డురానిచో ఒకేకాలమున రెండు కోర్సులు చదువుకొనవచ్చునని అనుమతించినది. అయినను మీ విశ్వవిద్యాలయపు నిబంధనను వ్రాతమూలకముగా చూచుకొనుటయే క్షేమము. తరగతులు దొరకని ఊళ్లవారికి ఐఐటీల ఆచార్యులు బోధించిన జర్మన్, జపాను పాఠములు ఎన్‌పీటీఈఎల్ అను అంతర్జాలవేదిక ద్వారా ఉచితముగా లభించును. ఇంకొక మాట: ఇంజనీరింగు, వైద్యము చదువువారు ప్రథమ సంవత్సరపు మొదటి సెమిస్టరులో చేరక, క్రొత్తచోటు, క్రొత్తభోజనము, క్రొత్తపాఠములు కొంత సర్దుకొన్న పిమ్మట రెండవ సంవత్సరమున చేరుట మంచిది. చివరి సంవత్సరమున ఆరంభింపరాదు.

మొదటి సంవత్సరము గడచినవారికి ఎదురగు వేఱొక కష్టమును గూర్చి ఎవ్వరును ముందుగా హెచ్చరింపరు. ఆరంభమున ప్రతి వారమును ఏదో క్రొత్తది వచ్చినట్లు స్పష్టముగా తెలియుచుండును: లెక్కలు చెప్పగలిగితిమి, వేళ అడుగగలిగితిమి, కూరగాయల పేర్లు వచ్చినవి. రెండవ సంవత్సరమున నెలలు గడచినను పెరుగుదల కంటికి కనబడదు. పాఠ్యపుస్తకమందలి వాక్యములు అర్థమగును గాని పత్రికయందలి వాక్యము అర్థము కాదు. మైదానమువంటి ఈ దశలో మానివేయువారు బుద్ధిమంతులైన విద్యార్థులే. దీనిని దాటుటకు నేను చూచిన మంచి మార్గము తన ప్రధానవిషయమును ఆ భాషలో చదువబూనుట. రసాయనశాస్త్ర విద్యార్థికి ఆవర్తనపట్టిక ముందే తెలియును. దానిని వర్ణించు జర్మన్ పుట నెదుట నిలిపినచో తెలియని మాటలను తెలిసిన శాస్త్రమే విడమరచి చెప్పును. 1881లో ఆరంభమైన బైల్‌స్టైన్ రసాయనకోశము ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధము వఱకు జర్మనుననే వెలువడుచుండుటచేత, ఒకప్పుడు రసాయనశాస్త్ర పరిశోధకులు జర్మన్ చదువ నేర్చుట లోకమంతట వాడుకగా నుండెను. చరిత్రవిద్యార్థికి మచిలీపట్టణమునను, భీమునిపట్టణమునను వర్తకము చేసిన డచ్చివారి పత్రములు కలవు. యానామును 1954 వఱకు పాలించిన ఫ్రెంచివారి పత్రములు కలవు. వారమునకు ఒక్క పుట చాలును. నిఘంటువును ప్రతి మాటకును తెఱవక, ఒక పరిచ్ఛేదము ముగిసిన పిమ్మట మాత్రమే తెఱచుట ఇచ్చట పాటింపదగిన నియమము. ఇట్లు నాలుగైదు నెలలు చదివినవానికి తాను మైదానమున నిలిచిపోలేదని తెలిసివచ్చును.

అన్ని జాగ్రత్తలు పాటించినను, విడువవలసిన పరిస్థితి నిజముగా రావచ్చును. ఇంట అనారోగ్యము కలుగును. రుసుము చెల్లింపలేని స్థితి వచ్చును. ప్రధానవిషయమున తప్పిన పేపర్లు పేరుకొనిపోవును. బ్యాక్‌లాగులు రెండు మించినచో భాషాతరగతిని ఆ సంవత్సరమునకు నిలుపుటయే కర్తవ్యమని నేను నిస్సంకోచముగా చెప్పుదును, పట్టము ప్రధానము. అట్టివారు చెప్పకుండ మాయమగుట మాత్రము తగదు. ఉపాధ్యాయుని కలిసి కారణము చెప్పి, ఏ పాఠమువఱకు వచ్చితిమో పుస్తకమున గుర్తుపెట్టి, మరుసటి సంవత్సరము అదే తరగతిలో మరల చేరుటకు అవకాశ మున్నదో లేదో అడిగి తెలిసికొని రావలెను. అట్లు చెప్పి వెళ్లిన విద్యార్థులను ఉపాధ్యాయులు మఱువరు. చీటీలపెట్టెను ఊరికి తీసికొనిపోవచ్చును. చివరి అఱను నెలకొకమాఱు త్రిప్పుటకు రుసుము అవసరము లేదు, తరగతియు అవసరము లేదు.